మిర్చి పట్టీ ప్రోగ్రాంలో ‘నన్’ వేట: నల్ ఆబ్జెక్ట్ పని డైరీ

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టుకు రాసిన పట్టీల (రైతుకు ఇచ్చే అమ్మకం లెక్క చీటీల) ప్రోగ్రాం ఇది. పైథాన్ 3.12, వెబ్ పేజీలకు ఫ్లాస్క్, ప్రింటు టెంప్లేట్లకు జింజా, డేటాబేసుకు ఎస్‌క్యూలైట్. కోడు నాలుగు వేల వరుసల లోపే. పని ఒక్కటే: ఎక్కడపడితే అక్కడ ఉన్న ‘ఇది నన్ కాకపోతే’ తనిఖీలు తీసేసి, వాటి చోట నల్ ఆబ్జెక్టులు పెట్టడం. నన్ అంటే పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అని చెప్పే విలువ. నల్ ఆబ్జెక్ట్ అంటే అసలుదాని చోట నిలబడి, ఏ పనీ చేయని ఆబ్జెక్టు. కోడులోని పేర్లను ఇక్కడ నోటితో పలికినట్టే రాస్తున్నాం. డండర్ అంటే పేరుకు ముందు రెండు, వెనక రెండు అండర్‌స్కోర్లు అని చదువుకోండి.

1వ రోజు

ముందు లెక్కపెట్టాం. ఒక లాట్‌కు పట్టీ తయారవ్వాలంటే కావలసినవి: రైతు, రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, నికర తూకం, క్వింటాల్ ధర. తగ్గించేవి: కమీషన్, హమాలీ, కాటా, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, సరుకు కోల్డ్ స్టోరేజి నుంచి వస్తే దాని అద్దె. చివర్లో రైతు ఫోనుకు ఒక ఎస్ఎంఎస్.

వీటిలో కొన్ని లాట్‌కు ఉంటాయి, కొన్నిటికి ఉండవు. పొలం నుంచి నేరుగా యార్డుకొచ్చిన సరుకుకు కోల్డ్ స్టోరేజి బాండు (అక్కడ సరుకు పెట్టినందుకు ఇచ్చే రసీదు) ఉండదు. కొట్టులో అప్పు తీసుకోని రైతుకు అడ్వాన్సు ఖాతా ఉండదు. ఇలాంటి చోట్ల ప్రోగ్రాం నన్ ఇస్తోంది. వాడే ప్రతిచోటా ఒక ‘ఇఫ్’ పెట్టాల్సి వస్తోంది. వెతికితే మొత్తం 41 తనిఖీలు దొరికాయి: బాండువి 17, అడ్వాన్సువి 13, ఫోనువి 6, ధరవి 5.

తనిఖీ మరిచిన చోట వచ్చేది అందరికీ తెలిసిన యాట్రిబ్యూట్ ఎర్రరే: నన్‌టైప్ ఆబ్జెక్టుకు ‘అద్దె’ అనే యాట్రిబ్యూట్ లేదని. అసలు చిక్కు ఏమిటంటే నన్ పుట్టేది డేటాబేసు ఫైల్లో, పేలేది మూడు ఫైళ్ల అవతల ప్రింటు టెంప్లేట్‌లో. ఎర్రర్ చూపించే వరుస దగ్గర తప్పేమీ ఉండదు.

ఈ నల్ (పైథాన్‌లో నన్) గోల ఇప్పటిది కాదు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ రిఫరెన్సును పెట్టిన టోనీ హోర్, 2009లో అదే తన ‘వంద కోట్ల డాలర్ల తప్పు’ అని చెప్పుకున్నాడు. నల్ ఆబ్జెక్ట్ అన్నది దానికి ఒక విరుగుడు. ఏమీ లేనప్పుడు ‘ఏమీ లేదు’ అని ఇవ్వకుండా, అసలుదానిలాగే అన్ని పిలుపులకూ పలికి, ఏ పనీ చేయని ఆబ్జెక్టును ఇవ్వడం. పైథాన్ వాడేవాళ్లు దీన్ని పేరు తెలియకుండానే వాడుతుంటారు. లాగింగ్‌లోని నల్‌హ్యాండ్లర్, 3.7లో వచ్చిన నల్‌కాంటెక్స్ట్, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్కులో లాగిన్ కాని మనిషికి ఇచ్చే అనానిమస్‌యూజర్ ఇవన్నీ ఆ కోవవే.

రూబీలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ నల్‌ను దాటి వెళ్లే ప్రత్యేక గుర్తు ఉంది. రూబీలో 2.3 నుంచి, జావాస్క్రిప్ట్‌లో 2020 ప్రమాణం నుంచి. పైథాన్‌కు అలాంటిది తెద్దామన్న పెప్ 505 అనే ప్రతిపాదన వాయిదాలోనే ఉంది. అది ఉన్నా మాకు పెద్దగా ఉపయోగపడేది కాదు. 41 ‘ఇఫ్’లకు బదులు 41 ప్రశ్నార్థకాలు వచ్చేవి, అంతే.

2వ రోజు

డైనమిక్ భాష చేతిలో ఉన్నప్పుడు ఎవరికైనా మొదట తట్టే దారినే ముందు పట్టాం: ఒకే ఒక్క నల్, దేన్నడిగినా తననే తిరిగిచ్చేది. డండర్ గెట్ఆటర్‌లో (అడిగిన యాట్రిబ్యూట్ దొరకనప్పుడు పైథాన్ పిలిచే పద్ధతి) ‘సెల్ఫ్’, అంటే తననే, తిరిగివ్వు, డండర్ కాల్‌లోనూ అదే. ఆరు వరుసలు. లాట్ డాట్ బాండు డాట్ గోదాము డాట్ చిరునామా అని ఎంత దూరం వెళ్లినా ఎర్రర్ రాదు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. సాయంత్రానికి తీసి పారేశాం. ఎందుకో వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే ఈ ఆరు వరుసలు చాలా ప్రాజెక్టుల్లో కనిపిస్తాయి.

మొదటిది, లెన్ పిలిస్తే పలకదు. డండర్ పద్ధతులను పైథాన్ ఆబ్జెక్టు మీద వెతకదు, నేరుగా దాని క్లాసులో వెతుకుతుంది. గెట్ఆటర్ దాకా మాట రాదు. కాబట్టి లెన్, ఇటర్, కంటైన్స్, గెట్ఐటమ్, కూడిక, తీసివేత, గుణకారం అన్నిటినీ ఒక్కొక్కటిగా రాసుకోవాలి. డండర్ ఈక్ రాస్తే ఇంకో మెలిక: దాంతోపాటు డండర్ హ్యాష్ రాయకపోతే పైథాన్ దాన్ని తీసేస్తుంది, ఆ ఆబ్జెక్టు ఇక డిక్షనరీకి తాళంచెవిగా పనికిరాదు. ఫార్మాట్ కూడా అంతే. రెండు దశాంశాలకు ముద్రించమంటే, డండర్ ఫార్మాట్ రాయనంతకాలం టైప్ ఎర్రర్ వస్తుంది. ఆరు వరుసలు మధ్యాహ్నానికి డెబ్బై అయ్యాయి.

రెండోది, అడగకూడని వాటికీ ‘ఉంది’ అంటుంది. హ్యాజ్ఆటర్ ఎప్పుడూ నిజమే. జింజా ఒక విలువను ముద్రించే ముందు దానికి డండర్ హెచ్‌టీఎంఎల్ ఉందా అని చూస్తుంది. ఉంటే అది ముందే శుభ్రం చేసిన మాటగా (స్ట్రింగుగా) లెక్కేసి వదిలేస్తుంది. మన నల్ దానికీ తలూపుతుంది. ఇలా తలూపేవాళ్లను పట్టుకోవడానికే ఐపైథాన్ (పైథాన్ కోడును వరుసవరుసగా నడిపి చూసే పరికరం) వాళ్లు ‘ఈ పద్ధతి ఉండకూడదు’ అనే అర్థం వచ్చే ఒక దొంగ పేరును అడిగి చూస్తారు. దానికీ జవాబిస్తే ఆ ఆబ్జెక్టు మాట ఇక నమ్మరు. కనీసం చేయాల్సింది: పేరు రెండు అండర్‌స్కోర్లతో మొదలైతే యాట్రిబ్యూట్ ఎర్రర్ లేపడం. జింజా సొంత అన్‌డిఫైన్డ్ క్లాసు చేసేదీ ఇదే.

మూడోదే అసలు దెబ్బ: లెక్క. పరీక్షకు పెట్టుకున్న లాట్ ఇది (ధరలూ రేట్లూ పరీక్ష కోసం వేసుకున్నవే, యార్డు రేట్లు కావు): తేజ రకం, 60 టిక్కీలు, నికర తూకం 2,520 కిలోలు, క్వింటాల్ 14,000 రూపాయలు.

సరుకు విలువ 25.20 × 14,000 = 3,52,800
కమీషన్ 2 శాతం = 7,056
హమాలీ టిక్కీకి 12 = 720
కాటా టిక్కీకి 3 = 180
రైతుకు రావాల్సింది 3,44,844

ఇప్పుడు ధర ఇంకా రాయలేదనుకోండి. పాత కోడులో తూకాన్ని నన్‌తో గుణించబోతే టైప్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగేది. అది మంచి పని. కొత్త నల్‌తో గుణిస్తే నల్. కమీషన్ నల్. నల్ లోంచి 900 తీస్తే నల్. పట్టీ చక్కగా ప్రింటయింది, ‘రైతుకు రావాల్సింది’ ఎదురుగా ఖాళీ. ఖాతా పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు పూర్ణాంకంగా మార్చితే సున్నా. ఎక్కడా ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క మాట లేదు. సుమారు మూడున్నర లక్షల సరుకు సున్నాకు జమ అయింది.

దీన్ని సరిదిద్దుదామని కూడితే అవతలి విలువే తిరిగిచ్చేలా డండర్ ఆర్‌యాడ్ మార్చాం. సమ్ ఫంక్షను సున్నాతో మొదలవుతుంది కాబట్టి ఈ ఆర్‌యాడ్ లేకపోతే మొదటి అడుగులోనే పడిపోతుంది. కూడికకు బాగానే ఉంది. మరి గుణకారానికి? కూడికలో ఏమీ లేకపోవడమంటే సున్నా. గుణకారంలో ఏమీ లేకపోవడమంటే ఒకటి. ఒకే నల్ రెంటికీ ఏం జవాబు చెప్పాలో దానికి తెలిసే దారి లేదు, ఎందుకంటే తాను దేనికి బదులుగా నిలబడ్డదో దానికి తెలియదు. అద్దెకు బదులా, ధరకు బదులా, ఫోనుకు బదులా? అక్కడితో ఆ ఫైలు తీసేశాం.

3వ రోజు

కోడు ముట్టుకోలేదు. కాగితం మీద 41 చోట్లనూ మూడు గళ్లుగా విడగొట్టాం: లేదు, తెలియదు, సున్నా.

‘లేదు’ అంటే అసలు ఆ సంగతే ఈ లాట్‌కు వర్తించదు. నేరుగా వచ్చిన సరుకుకు బాండు లేదు. ఇది పూర్తి సమాచారం, ఇందులో లోటేమీ లేదు. ‘తెలియదు’ అంటే ఉండాల్సిందే, మన దగ్గరికి ఇంకా రాలేదు. ధర ఖరారు కాని లాట్ ఇలాంటిది. కోల్డ్ స్టోరేజిలో ఉన్న సరుకుకు అమ్మేదాకా ధర ఉండదు. ‘సున్నా’ అంటే ఉంది, విలువ సున్నా. అడ్వాన్సు మొత్తం తీర్చేసిన రైతు ఖాతాలో నిల్వ సున్నా, కానీ ఖాతా ఉంది, పాత పద్దులూ ఉన్నాయి.

పాత కోడు మూడింటికీ నన్ వాడేస్తోంది. కొట్టు గుమాస్తా మాత్రం ఈ మూడింటినీ ఎప్పుడూ కలపడు. బాండు గడిలో అడ్డగీత గీస్తాడు. ధర గడిని ఖాళీగా వదిలేస్తాడు. తీరిపోయిన అడ్వాన్సు దగ్గర సున్న చుడతాడు. కాగితం మీద మూడు వేర్వేరు గుర్తులుంటే ప్రోగ్రాంలో ఒకటే ఉంది.

నల్ ఆబ్జెక్ట్ మొదటి గడికే. బాండువి 17, అడ్వాన్సువి 13, ఫోనువి 6, ఈ 36 ‘లేదు’లోకి వచ్చాయి. ధరవి అయిదూ ‘తెలియదు’లోకి. ఆ అయిదు చోట్లా నల్ పెట్టకూడదు, గట్టిగా అరవాలి. ‘ధర ఖరారు కాలేదు’ అనే సొంత ఎక్సెప్షన్ రాశాం. పట్టీ అడిగితే అది లేస్తుంది. నిల్వల రిపోర్టు మాత్రం దాన్ని పట్టుకుని, ధర లేని లాట్లు ఇన్ని, టిక్కీలు ఇన్ని అని వేరే వరుసలో చూపిస్తుంది. మొత్తం విలువలో వాటిని సున్నాగా కలపదు.

నల్ క్లాసుకు ‘జీరో’ అని పేరు పెడదామన్న ఆలోచన కూడా ఇక్కడే కొట్టేశాం. మిర్చి వ్యాపారంలో జీరో అంటే పుస్తకాలకెక్కని సరుకు. ఆ పేరు తెర మీద ఎక్కడైనా కనిపిస్తే వచ్చే ప్రశ్నలు వేరు.

4వ రోజు

పైథాన్ 3లో క్లాసులకూ ఫంక్షన్లకూ తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. వ్యాపారానికి సంబంధించిన పేర్లన్నీ తెలుగులోనే ఉంచాం. మొదటి నల్ క్లాసుకు ‘నల్‌బాండు’ అని పెట్టగానే సింటాక్స్ ఎర్రర్: ముద్రణకు రాని అక్షరం, యూ ప్లస్ 200సీ. అది ‘ల్’కూ ‘బా’కూ మధ్య ఒత్తు పడకుండా కీబోర్డు చొప్పించే కంటికి కనపడని అక్షరం. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు. తీసేస్తే ‘నల్బాండు’ అవుతుంది, చదవడానికి ఎబ్బెట్టు. పొల్లు మధ్యలో రాని పేర్లే ఎంచుకున్నాం: అసలుది ‘నిల్వబాండు’, నల్ ‘బాండులేదు’. ఖాతాకు ‘అడ్వాన్సుఖాతా’, ‘ఖాతాలేదు’. ‘నల్’ అనే మాట కంటే ‘బాండులేదు’ అన్నదే డీబగ్గర్‌లో చూసినప్పుడు సంగతి చెబుతుంది.

రెండిటికీ పైన ‘బాండు’ అనే అబ్‌స్ట్రాక్ట్ క్లాసు (పద్ధతుల పేర్లు మాత్రం చెప్పి, వాటిని కింది క్లాసులు నింపాలనేది). అందులో మూడే పద్ధతులు: అద్దె ఎంత, పట్టీలో రావాల్సిన వరుసలేవి, సరుకు విడుదల చేయి. నల్ క్లాసులో అద్దె డెసిమల్ సున్నా. ఫ్లోట్ సున్నా పెడితే డెసిమల్‌తో కూడేటప్పుడు టైప్ ఎర్రర్ వస్తుంది, కాబట్టి నల్ ఇచ్చే విలువ రకం కూడా అసలుది ఇచ్చేదే కావాలి. వరుసలు ఖాళీ టపుల్ (మార్చడానికి వీల్లేని లిస్టు). విడుదల ఏమీ చేయదు.

అబ్‌స్ట్రాక్ట్ క్లాసు వాడటానికి కారణం ఉంది. రేపు ఎవరైనా ‘బీమా’ అనే పద్ధతిని బాండుకు చేర్చి, నల్‌కు చేర్చడం మరిచిపోతారు. మరిచిపోవడం ఖాయం. ‘బాండులేదు’ ఒకే ఒక్క ఆబ్జెక్టు, మాడ్యూలు లోడయ్యేటప్పుడే తయారవుతుంది. పద్ధతి తక్కువైతే అక్కడే, ప్రోగ్రాం మొదలవకముందే టైప్ ఎర్రర్ లేస్తుంది. అయితే పద్ధతి పేరు ఉందా లేదా అన్నదే ఇది చూస్తుంది, ఆర్గ్యుమెంట్లు సరిపోయాయో లేదో చూడదు. అందుకని నల్ పద్ధతుల్లో ‘ఏవి ఇచ్చినా సరే’ అనే స్టార్ ఆర్గ్యుమెంట్లు వాడలేదు. అసలు క్లాసులో ఏవి ఉన్నాయో అవే రాశాం. పరీక్షలు నడిపే పైటెస్ట్‌లో ఒకే పరీక్షల కట్టను అసలు ఆబ్జెక్టు మీదా నల్ మీదా నడుపుతున్నాం: అద్దె డెసిమలేనా, వరుసలను తిప్పగలమా, విడుదల రెండుసార్లు పిలిస్తే ఏమవుతుంది.

5వ రోజు

నల్ పుట్టే చోటు ఒక్కటే ఉండాలి. డేటాబేసు నుంచి లాట్‌ను తెచ్చే ఫంక్షనే ఆ గుమ్మం. అందులో వరస ఇది:

లాట్ వరుసలో బాండు నంబరు నన్ అయితే, ‘బాండులేదు’ ఇవ్వు.
నంబరు ఉంటే బాండ్ల పట్టికలో వెతుకు. ఫెచ్‌వన్ (ఒక వరుసను తెచ్చే పిలుపు) నన్ ఇస్తే ఎక్సెప్షన్ లేపు.
దొరికితే ‘నిల్వబాండు’ కట్టి ఇవ్వు.

మధ్య వరుస చాలామంది వదిలేస్తారు. నంబరు ఉండి బాండు దొరక్కపోవడం ‘లేదు’ కాదు, అది పాడైన డేటా. దానికీ నల్ ఇచ్చేస్తే అద్దె పట్టీలోంచి మాయమవుతుంది, కోల్డ్ స్టోరేజి వాళ్లు కొట్టు మీదికి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ (ఒక పట్టిక చెప్పే నంబరు రెండో పట్టికలో ఉందా అని చూడటం) మామూలుగా ఆపేసి ఉంటుంది. ప్రతి కనెక్షనుకూ ప్రాగ్మా అనే ఆదేశం ఇచ్చి ఆన్ చేయాలి. ఈ ప్రోగ్రాంలో ఎన్నడూ చేయలేదు. బాండు వరుసను చెరిపేసినా లాట్‌లో నంబరు అలాగే ఉండిపోయిన సందర్భాలు మూడు బయటపడ్డాయి.

ఇదే గుమ్మం దగ్గర ఇంకో రెండు గుంటలు. డిక్షనరీ గెట్ పద్ధతికి రెండో విలువగా నల్ ఇస్తే సరిపోతుందనుకుంటాం. తాళంచెవి ఉండి దాని విలువ నన్ అయితే గెట్ ఆ నన్‌నే ఇస్తుంది, మనమిచ్చినది వాడదు. ఫోను యాప్ నుంచి వచ్చే జేసన్ డేటాలో సరిగ్గా ఇలాగే వస్తుంది. ఇక వెబ్ ఫారంలో ఖాళీగా వదిలిన గడి నన్ కాదు, ఖాళీ మాట. ఫోను నంబరు పట్టికలో సగం నన్‌లు, సగం ఖాళీ మాటలు. లోపలికి వచ్చేటప్పుడే అంచుల ఖాళీలు తీసి, ఏమీ మిగలకపోతే నన్‌గా మార్చి, అప్పుడే నల్ నిర్ణయం.

తిరిగి రాసేటప్పుడు ‘బాండులేదు’ నంబరు అడిగితే నన్ ఇస్తుంది, డేటాబేసులో మళ్లీ నల్‌గానే పడుతుంది. అనానిమస్‌యూజర్ పీకే (ప్రైమరీ కీ) కూడా ఇలాగే నన్. నల్ ఆబ్జెక్టుకని డేటాబేసులో ఒక దొంగ వరుస పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, నంబరు సున్నా అనో మైనస్ ఒకటి అనో. చేయకండి. బాండ్లు లెక్కపెట్టే ప్రతి రిపోర్టులోనూ అది ఒకటి ఎక్కువ చూపిస్తుంది.

6వ రోజు, 7వ రోజు

ఇఫ్ బాండు అని రాసిన పాత కోడును ఏం చేయాలన్నదానికే రెండు రోజులు పట్టింది.

పాత తనిఖీలు రెండు రకాలు. ‘ఈజ్ నన్’ రకం: నల్ ఆబ్జెక్ట్ రాగానే ఇది ఎప్పుడూ అబద్ధం. ‘ఈజ్’ను మార్చే వీలు పైథాన్‌లో లేదు. కోడు చడీచప్పుడు లేకుండా ‘బాండు ఉంది’ అన్న దారిలోకి పోతుంది. రెండోది ఉత్త ‘ఇఫ్ బాండు’: దీన్ని డండర్ బూల్‌తో మన చేతిలో పెట్టుకోవచ్చు. ఈ విషయంలో పైథాన్ నయం. రూబీలో అబద్ధమయ్యేవి నిల్, ఫాల్స్ రెండే, సొంత ఆబ్జెక్టును అబద్ధంగా నిలబెట్టలేం.

మేము పట్టిన పద్ధతి మూడు అంచెలు. మొదటి అంచెలో బూల్ అబద్ధం ఇస్తుంది, పాత ‘ఇఫ్’లు మునుపటిలాగే నడుస్తాయి. ఈలోగా ‘ఈజ్ నన్’లను ఏరేశాం. దీనికి టైపులు సరిచూసే మైపై బాగా పనికొచ్చింది. గుమ్మం ఫంక్షను ‘బాండు లేదా నన్’ ఇస్తుందన్న టైపును ఉత్త ‘బాండు’గా మార్చి, చేరలేని కోడును చూపించే వార్న్ అన్‌రీచబుల్ ఆన్ చేస్తే, ఇక ఎన్నటికీ నిజం కాని తనిఖీలన్నీ బారులు తీరాయి. టైపులు రాయని ఫంక్షన్ల లోపలికి మైపై మామూలుగా తొంగి చూడదు, దానికి వేరే స్విచ్ ఉంది. అదీ వేయాలి.

రెండో అంచెలో బూల్ టైప్ ఎర్రర్ లేపుతుంది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. నంపై (అంకెల లెక్కల లైబ్రరీ) ఎర్రేలను ‘ఇఫ్’లో పెడితే ఎలా అరుస్తాయో అలా. పరీక్షలు నడిపితే మిగిలిపోయిన ‘ఇఫ్ బాండు’లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. టెంప్లేట్లలోనివి కూడా, మైపై కంటికి అవి కనిపించవు. మూడో అంచెలో బూల్‌నే తీసేశాం.

అడ్వాన్సు ఖాతా దగ్గర మాత్రం ఒక పాత పురుగు (బగ్) దొరికింది. ‘అడ్వాన్సుఖాతా’ క్లాసులో పద్దుల సంఖ్య కోసం డండర్ లెన్ ఉంది. బూల్ లేకుండా లెన్ ఉంటే పైథాన్ లెన్‌ను బట్టే నిజమో అబద్ధమో తేలుస్తుంది. అంటే కొత్తగా తెరిచి ఇంకా పద్దు రాయని అసలు ఖాతా కూడా ‘ఇఫ్ ఖాతా’లో అబద్ధమే. ‘ఖాతా లేకపోతే కొత్తది తెరువు’ అన్న వరుస దాన్ని చూసి ఇంకో ఖాతా తెరిచేది. ఒకే రైతుకు రెండు ఖాతాలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైంది. లెన్ తీసేసి ‘పద్దుల_సంఖ్య’ అనే మామూలు పద్ధతి పెట్టాం.

8వ రోజు

‘ఖాతాలేదు’లో పద్దులు అడిగితే ఖాళీ లిస్టు ఇచ్చేలా మొదట రాశాం, క్లాసు స్థాయిలో ఒకే లిస్టు. పరీక్షలో ఒక రైతుకు 5,000 అడ్వాన్సు రాస్తే, ఖాతా లేని వేరే రైతు పట్టీలో అది తగ్గింది. కారణం తేలికే: ఎవరో ఆ లిస్టుకు నేరుగా అపెండ్ చేశారు. నల్ అందరికీ ఒక్కటే కాబట్టి ఆ పద్దు అందరిదీ అయింది.

ఖాళీ టపుల్ ఇస్తే అపెండ్ చేసిన చోటే ఎర్రర్ వస్తుంది. ఆబ్జెక్టు మీద కొత్త యాట్రిబ్యూట్లు అంటించకుండా స్లాట్స్‌ను (ఆబ్జెక్టుకు ఉండదగ్గ యాట్రిబ్యూట్ల జాబితాను) ఖాళీ టపుల్‌గా పెట్టాం. ఇది పనిచేయాలంటే పై క్లాసులోనూ స్లాట్స్ ఉండాలి. అక్కడ లేకపోతే డిక్షనరీ వారసత్వంగా వచ్చేస్తుంది, కింద స్లాట్స్ రాసినా ప్రయోజనం లేదు. అబ్‌స్ట్రాక్ట్ క్లాసులకు పునాది అయిన ఏబీసీ క్లాసులో ముందే ఖాళీ స్లాట్స్ ఉన్నాయి, కాబట్టి మన ‘బాండు’, ‘ఖాతా’ క్లాసుల్లో రాస్తే చాలు.

మరి ఖాతా లేని రైతుకు అడ్వాన్సు ఇవ్వాలంటే? ‘ఖాతాలేదు’ మీద ‘అప్పు రాయి’ అని పిలిస్తే ఏమీ చేయకుండా ఊరుకోవడం ఇక్కడ తప్పు. డబ్బు గల్లాపెట్టె నుంచి పోయింది, పుస్తకంలో పడలేదు. చదివే పద్ధతులకు నల్ మౌనంగా ఉండొచ్చు. రాసే పద్ధతికి ఉండకూడదు. ‘అప్పు రాయి’ నల్‌లో ఎక్సెప్షన్ లేపుతుంది. ‘పట్టీలో కోత’ మాత్రం సున్నా ఇస్తుంది, ఎందుకంటే అప్పు లేనివాడికి కోత లేకపోవడం నిజమే. నల్ ఆబ్జెక్ట్ అంటే అన్ని పద్ధతులూ నోరు మూసుకోవాలన్న నియమమేమీ లేదు.

9వ రోజు

పట్టీ ప్రింటు. బాండు లేని రైతు పట్టీలో కూడా ‘కోల్డ్ స్టోరేజి అద్దె 0.00’ అని ఒక వరుస వస్తోంది. లెక్క తప్పు కాదు. కానీ రైతు కొట్టు ముందు నిలబడి ‘కోల్డులో పెట్టనేలేదు గదా, ఈ గీతెందుకండీ’ అంటాడు. టెంప్లేట్‌లో మళ్లీ ‘ఇఫ్ అద్దె సున్నా కాకపోతే’ పెడితే మొదటికొచ్చినట్టే. పైగా అద్దె మాఫీ అయిన అసలు బాండుకు సున్నా వరుస కనిపించాలి, రైతుకు అది తెలియాలి.

అందుకే 4వ రోజు పెట్టిన ‘పట్టీ వరుసలు’ పద్ధతి. ఏ వరుసలు రావాలో బాండే చెబుతుంది. నిల్వబాండు ఒక వరుస ఇస్తుంది. బాండులేదు ఖాళీ టపుల్. టెంప్లేట్ అన్ని ముక్కల వరుసలనూ కలిపి తిప్పుతుంది, లోపల ఒక్క ‘ఇఫ్’ లేదు. పరీక్ష లాట్‌కు టిక్కీకి 200 చొప్పున అద్దె వేసి చూశాం: 12,000 తగ్గి 3,32,844. బాండు తీసేస్తే వరుసే లేదు, 3,44,844.

ఫోను సంగతి పెద్దగా లేదు. నంబరు లేనివాళ్లకు ‘సందేశంలేదు’ అనే నల్, పంపు అంటే లాగ్‌లో ఒక వరుస రాసి ఊరుకుంటుంది. ఎస్ఎంఎస్ గేట్‌వే పడిపోతే వచ్చే ఎర్రర్‌ను దీనితో కలపలేదు. అది వేరే సంగతి, మళ్లీ ప్రయత్నించాల్సిన పని.

10వ రోజు

సీజన్ మొత్తం రిపోర్టును నాలుగు ప్రాసెస్‌ల మీద నడిపిస్తాం. లాట్లు పికిల్ అయి (బైట్లుగా మారి) అవతలికి వెళతాయి. వెళ్లి వచ్చాక ‘బాండు ఈజ్ బాండులేదు’ అబద్ధమైంది. పికిల్ అవతల ఇంకో నల్‌ను తయారు చేసింది. పట్టీ నమూనా చూపించేటప్పుడు వాడే డీప్‌కాపీలోనూ (లోపలిదాకా తీసే నకలు) ఇదే.

రెండిటికీ ఒక్కటే మందు: డండర్ రెడ్యూస్ రాసి, అది ఆ ఆబ్జెక్టుకు మాడ్యూల్లో ఉన్న పేరును ఉత్త మాటగా తిరిగివ్వాలి. మాట వస్తే పికిల్ దాన్ని గ్లోబల్ పేరుగా చదివి ఉన్న ఆబ్జెక్టునే తెస్తుంది. డీప్‌కాపీ అయితే అదే ఆబ్జెక్టును వెనక్కిస్తుంది. ఒక జాగ్రత్త: క్లాసు పేరూ ఆబ్జెక్టు పేరూ వేరుగా ఉండాలి. క్లాసును ‘బాండులేదు_రకం’ అని మార్చి, ‘బాండులేదు’ను ఆబ్జెక్టుకు ఉంచాం.

జేసన్‌కు ఇది తెలియదు, టైప్ ఎర్రర్ ఇస్తుంది. డంప్స్‌కు ఇచ్చే డిఫాల్ట్ ఫంక్షనులో నల్ వస్తే నన్ తిరిగివ్వమన్నాం. అవతల ఫోను యాప్‌కు జేసన్ నల్‌గానే వెళుతుంది. మన నల్ ఆబ్జెక్ట్ గడప దాటి బయటికి పోకూడదు.

11వ రోజు

పాత కోడునూ కొత్త కోడునూ పక్కపక్కన పెట్టి, కిందటి సీజన్ పట్టీలన్నీ రెండింటితోనూ మళ్లీ తీసి, పైసాతో సహా పోల్చాం. తేడా వచ్చినవి తొమ్మిది. మూడు 5వ రోజు చెప్పిన బాండు చెరిగిన లాట్లు: పాత కోడు అద్దె వేయకుండా వదిలేసింది, కొత్తది ఎక్సెప్షన్ లేపింది. అద్దె వేయాలా వద్దా అన్నది కొట్టువాళ్లు రసీదులు చూసి తేల్చాలి. ఆరు రెండు ఖాతాలున్న రైతులవి: కోత ఒక ఖాతాలోంచే జరిగింది, రెండోదాంట్లో బాకీ అలాగే నిలిచి ఉంది. కోడుతో సరిదిద్దేది కాదు, ఖాతాలు కలపాలి. ఆరుగురి జాబితా ప్రింటు తీసి ఇచ్చాం.

41 తనిఖీల్లో మిగిలినవి రెండు, రెండూ గుమ్మం ఫంక్షనులోనే. ధర ఎక్సెప్షన్ అయిదు చోట్లా ఉంది.

తేలనిది ఒకటుంది. ఒకే లాట్‌లో 60 టిక్కీలకు 40 కోల్డ్ స్టోరేజిలో పెట్టి, 20 నేరుగా అమ్మిన రైతు ఉన్నాడు. లాట్‌కు బాండు ఒక్కటే అన్న మా లెక్క అక్కడ నిలవదు. బాండ్లను టపుల్‌గా మారిస్తే ఖాళీ టపులే నల్ ఆబ్జెక్ట్ అయిపోతుంది, ‘బాండులేదు_రకం’ క్లాసే అక్కర్లేదు. వచ్చే వారం ఆ కొమ్మ (కోడు బ్రాంచి) తెరుస్తున్నాం.